డబ్బు తీసుకుని తీసిన ఫొటో ఎవరిది, పులికాట్‌లో తీసింది ఎవరిది: మీ ఫొటోల మీద హక్కు నిలబెట్టుకోవడం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కావలిలో చిన్న స్టూడియో నడుపుతున్నారు. ముహూర్తాలు లేని రోజుల్లో పులికాట్ సరస్సుకు, నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లి పక్షుల ఫొటోలు తీస్తుంటారు. మీరు ఫేస్‌బుక్‌లో పెట్టిన రాజహంసల (ఫ్లెమింగోల) గుంపు ఫొటో ఒక బీచ్ రిసార్ట్ ఫ్లెక్సీ మీద, వాళ్ల పేజీలో కనిపించింది. మూలన ఉన్న మీ పేరు కత్తిరించేశారు. ఫోన్ చేస్తే "గూగుల్లో దొరికింది, మీదని మాకేం తెలుసు" అన్నారు. రిజిస్ట్రేషన్ చేయించలేదు గనక ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా, పెళ్లి ఫొటోలను కూడా ఇకపై ఎలా కాపాడుకోవాలి అని అడిగారు.

చేయగలిగింది చాలానే ఉంది. కాపీరైట్ చట్టం, 1957 ఫొటోను కళాకృతిగా లెక్కిస్తుంది. ఫొటో తీసిన మనిషే దానికి కర్త. షట్టర్ పడిన క్షణంలోనే హక్కు పుడుతుంది. దరఖాస్తు, ఫీజు, ఫొటో కింద వలయంలో సి గుర్తు, ఇవేవీ దానికి షరతులు కావు. 2012 సవరణకు ముందు ఫొటోకి ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్లే రక్షణ ఉండేది. ఇప్పుడు మిగతా కళాకృతుల్లాగే తీసినవారి జీవితకాలం, ఆ పైన మరో 60 ఏళ్లు. అంటే ఈ రాజహంసల ఫొటో మీ పిల్లలకు కూడా ఆస్తే.

అయితే రిసార్ట్ సంగతి చూసే ముందు పెళ్లి ఫొటోల సంగతి తేల్చుకోవాలి. మన స్టూడియోల్లో ఎక్కువమంది పొరబడేది అక్కడే.

"నా కెమెరా, నేను తీశాను, నాదే హక్కు" అనుకుంటారు. చట్టంలో సెక్షన్ 17 అలా చెప్పడం లేదు. ఎవరైనా అడిగితే, ప్రతిఫలం తీసుకుని తీసిన ఫొటోకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, ఆ తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. అంటే అడ్వాన్స్ తీసుకుని, కాగితం ఏదీ రాసుకోకుండా తీసిన పెళ్లి ఆల్బమ్ మీద కాపీరైట్ పెళ్లివారిది. మీరు ఆ ఫొటోలను స్టూడియో ముందు బోర్డు మీద వేసుకోవాలన్నా, ఇన్‌స్టాగ్రామ్‌లో నమూనాగా పెట్టుకోవాలన్నా వాళ్ల అనుమతి కావాలి. వాళ్ల పెళ్లి ఫొటోని ఏ చీరల షాపో ప్రకటనకు వాడుకుంటే, హక్కుదారుగా కేసు వేయాల్సింది కూడా వాళ్లే. మీకు మిగిలేది కర్తగా మీ పేరు చెప్పుకునే హక్కు, మీ పేరుకు చెడ్డ వచ్చేలా ఫొటోని పాడుచేస్తే అడ్డుకునే హక్కు. ఇవి సెక్షన్ 57 ఇచ్చినవి. కాపీరైట్ చేతులు మారినా ఇవి మీ దగ్గరే ఉంటాయి.

దీన్ని మార్చుకోవడానికి "వేరే ఒప్పందం లేకపోతే" అన్న మాటే మీకు దారి. ఆ ఒప్పందం షూట్‌కు ముందే ఉండాలి. తర్వాత రాసుకుంటే అది ఒప్పందంగా చెల్లదు. హక్కు అప్పటికే పెళ్లివారిదైపోయింది కాబట్టి వాళ్ల నుంచి మీకు రాతపూర్వకంగా బదిలీ కావాలి, ఆ బదిలీకి సెక్షన్ 19 నియమాలు వేరే ఉన్నాయి. అందుకని బుకింగ్ ఫారంలోనే, అడ్వాన్స్ రశీదు ఇచ్చేటప్పుడే సంతకం పెట్టించుకోండి. మాటలు ఇలా ఉంటే చాలు:

"ఈ బుకింగ్ కింద తీసే ఫొటోలు, వీడియోలన్నిటి కాపీరైట్‌కు మొదటి హక్కుదారు ఫొటోగ్రాఫర్. వధూవరులు, వారి కుటుంబ సభ్యులు వీటిని ఎన్నిసార్లైనా ప్రింట్ చేయించుకోవచ్చు, సోషల్ మీడియాలో పెట్టుకోవచ్చు. ఈ అనుమతికి కాలపరిమితి లేదు, అదనపు రుసుము లేదు. వ్యాపార ప్రకటనలకు వాడాలంటే ఇరుపక్షాల రాతపూర్వక సమ్మతి కావాలి. ఫొటోగ్రాఫర్ తన పనికి నమూనాగా ఈ ఫొటోలు చూపడానికి కుటుంబం సమ్మతిస్తోంది / సమ్మతించడం లేదు."

చివరి వాక్యంలో ఒకటి కొట్టివేయించి, పక్కన పొట్టి సంతకం తీసుకోండి. కాపీరైట్ మీదే అయినా ఆ ఫొటోలో ముఖం వాళ్లది. ఆడపిల్ల ఫొటో బోర్డు మీద వేసి, తర్వాత ఊళ్లో గొడవపడటం ఎవరికీ మంచిది కాదు. "కాదు" అన్న కుటుంబం మాటను గౌరవించండి. నిజానికి చాలా స్టూడియోలకు పెళ్లి ఫొటోల కాపీరైట్ మొత్తం అవసరం లేదు, నమూనాగా చూపుకునే అనుమతి ఒక్కటి చాలు. హక్కు కోసం పట్టుబట్టి బుకింగ్ పోగొట్టుకునే బదులు, ఆ ఒక్క అనుమతినైనా రాతలో తీసుకోండి.

మీరు సీజన్లో రోజుకూలికి పిలిచే క్యాండిడ్ ఫొటోగ్రాఫర్, డ్రోన్ ఆపరేటర్ విషయంలోనూ కాగితం కావాలి. డబ్బిచ్చి తీయిస్తున్నది మీరే అయినా, పెళ్లివారి కోసమే తీయిస్తున్నారు గనక హక్కు ఎవరి దగ్గర ఆగిందన్నది వాదనకు తావిస్తుంది. "ఈ పనిలో తీసిన ఫైళ్ల మీద హక్కు స్టూడియోది, కార్డు కాపీ చేసుకోకూడదు, స్టూడియో పేరు చెప్పి నమూనాగా చూపుకోవచ్చు" అని ఒక పేజీ రాసుకుని, ఏడాదికి ఒకసారి సంతకాలు తీసుకుంటే చాలు.

పత్రికలకు మండల కంట్రిబ్యూటర్లుగా ఫొటోలు పంపేవాళ్లు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామంది. వాళ్లకు ఒక మంచి మాట. పత్రికలో జీతానికి పనిచేసే ఉద్యోగి ఫొటోల మీద కూడా యజమానికి హక్కు పత్రికల్లో ప్రచురణ మేరకే. మిగతా వాడకాలకు హక్కు ఫొటోగ్రాఫర్‌దే, వేరే ఒప్పందం లేకపోతే. ఉద్యోగ ఒప్పందం లేకుండా ఫొటోకింత అని తీసుకుంటూ, సొంతంగా వెళ్లి తీసిన ఫొటోలు పంపే కంట్రిబ్యూటర్‌కు ఆ మాత్రం కూడా పోదు. రొట్టెల పండగనాడు స్వర్ణాల చెరువు గట్టున ఆయన తనంతట తాను తీసి పంపిన ఫొటో మర్నాడు పేపర్లో రావచ్చు, హక్కు మాత్రం ఆయన దగ్గరే ఉంటుంది. కాకపోతే పనిలో చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో ఒకసారి చదువుకోవాలి.

ఇక మీ రాజహంసలు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు, మీ అంతట మీరు వెళ్లి తీశారు. ఆ ఫొటో పూర్తిగా మీది. దాన్ని కాపీ చేయడం, ప్రింట్ వేయడం, నెట్‌లో పెట్టడం, వీడియోలో కలపడం, మార్పులు చేసి వాడటం, అన్నీ మీ అనుమతితోనే జరగాలి. గోడ మీద రంగులతో అదే ఫొటోని వేసినా, దాన్ని చూసి సిమెంటు బొమ్మ చేసినా అది కూడా పునరుత్పత్తే. రంగులు మార్చినా, ఎడమ కుడి తిప్పినా హక్కు పోదు. "ఇరవై శాతం మారిస్తే తప్పు కాదు" అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. "ఫొటో కర్టెసీ" అని రాసినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టూ కాదు.

అయితే మీది కానిదేమిటో కూడా తెలియాలి. నేలపట్టు వాచ్ టవర్ మీద నుంచి అదే చెట్టు మీది గూడబాతుల్ని అదే వెలుతురులో వేరొకరు సొంతంగా తీసుకుంటే, అది మీ ఫొటోకి నకలు కాదు. పక్షి మీదా, చోటు మీదా, ఆలోచన మీదా హక్కు ఉండదు. మీరు పట్టిన ఆ ఫ్రేమ్ మీదే ఉంటుంది. రెండు ఫొటోల్లో నీటి మీది అలలు, రెక్కల కోణం, వెనకున్న గడ్డిపరకలు అచ్చంగా కలిస్తేనే ముందుకెళ్లండి. సమీక్ష, విమర్శ, వర్తమాన వార్తల నివేదన, పాఠం చెప్పడం, సొంత అధ్యయనం వంటి వాటికి సెక్షన్ 52 మినహాయింపులు ఇస్తుంది. స్కూల్ టీచరు పాఠంలో మీ ఫొటో చూపిస్తే దాని మీద నోటీసు పంపకండి. రిసార్ట్ ప్రకటన మాత్రం ఏ మినహాయింపులోకీ రాదు.

"మీదని మాకేం తెలుసు" అన్న జవాబుకు చట్టంలో కొంత విలువ ఉంది, అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ ఫొటోకి కాపీరైట్ ఉందని తమకు తెలియదని, తెలిసే కారణమూ లేదని అవతలివాళ్లు రుజువు చేసుకుంటే, సెక్షన్ 55 ప్రకారం వాడకం ఆపించడం, దాని మీద వచ్చిన లాభంలో న్యాయమైన వాటా ఇప్పించడం దాకానే కోర్టు వెళుతుంది, నష్టపరిహారం రాదు. ఈ సాకును మూసేసేవి రెండు: ఫొటో మీద స్పష్టంగా కనిపించే పేరు, మీరు పంపిన రాతపూర్వక నోటీసు. నోటీసు అందిన తర్వాత కూడా ఫ్లెక్సీ అలాగే ఉంటే ఆ రోజు నుంచి తెలియదనడానికి వీల్లేదు. అదే సెక్షన్లో మీకు పనికొచ్చే ఇంకో సంగతి ఉంది. ప్రచురించిన ప్రతి మీద కర్తగా ఎవరి పేరుంటే, వేరే రుజువు చూపేదాకా ఆ మనిషినే కర్తగా భావించాలి. కాబట్టి వాటర్‌మార్క్‌లో "క్లిక్స్", "క్రియేషన్స్" అని ముద్దుపేరు ఒక్కటే వేయకుండా మీ అసలు పేరు వేయండి.

ఇప్పుడు రుజువు. హక్కు మీదే అయినా అది మీదని చూపించలేకపోతే ఉపయోగం లేదు. అన్నిటికంటే బలమైనది రా ఫైలు, అంటే కెమెరా కుదించకుండా దాచే అసలు ఫైలు. ఫేస్‌బుక్ నుంచి జేపెగ్ దించుకున్నవాడి దగ్గర అది ఉండే వీలు లేదు. అంతే బలమైనది ఆ ఫ్రేమ్‌కు ముందూ వెనకా తీసిన ఫ్రేములు. గుంపు లేవకముందు, లేస్తుండగా, దూరమయ్యాక, ఇలా వరుస నంబర్లతో ఐదారు ఫైళ్లు చూపిస్తే ఎదుటివాళ్లకు నోరు పెగలదు. బాగా రాలేదని మిగతావన్నీ చెరిపేసే అలవాటు చాలామందికి ఉంది. మీరు బయట పెట్టిన ప్రతి ఫొటోకి అటు మూడు, ఇటు మూడు ఫ్రేములు రాలోనే దాచండి.

కెమెరా గడియారం సరిచూసుకోండి. బ్యాటరీ చాలాకాలం తీసి ఉంచితే కొన్ని కెమెరాల్లో తేదీ మొదటికి పోతుంది. తర్వాత ప్రతి ఫైలూ తప్పుడు తేదీతో పుడుతుంది, అవతలి వకీలు పట్టుకునేది అదే. కానన్, నికాన్, సోనీల చాలా కెమెరాల సెటప్ మెనూల్లో కాపీరైట్ సమాచారం అనే చోటుంది. అక్కడ పేరు ఒకసారి రాసి ఆన్ చేస్తే ప్రతి ఫైలులో అది నమోదవుతుంది. తెలుగు అక్షరాలు అక్కడ పడవు, ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలి. నికాన్‌లో పేరు రాశాక దాన్ని ఫైలుకు జోడించమనే టిక్కు వేరే పెట్టాలి, అది మర్చిపోతే రాసినదంతా వృథా. కెమెరా అమ్మేటప్పుడు, సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఆ పేరు మార్చడం మరవకండి.

ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ వాడేవారైతే దిగుమతి దశలోనే మెటాడేటా (ఫైలులో దాగి ఉండే వివరాలు) ప్రీసెట్ పెట్టుకోండి: సృష్టికర్త పేరు, కాపీరైట్ వాక్యం, ఫోన్, ఈమెయిల్, "రాతపూర్వక అనుమతి లేకుండా వాడరాదు" అన్న వాడకపు షరతు. ఎగుమతిలో మాత్రం అన్ని వివరాలూ ఉంచకండి; కాపీరైట్, సంప్రదింపు వివరాలు ఉంచి లొకేషన్ తీసేయండి. గూళ్ల మీది పక్షుల ఫొటోలో జీపీఎస్ ఉంటే అక్కడికి జనం ఎగబడతారు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఈ మెటాడేటా అంతా రాలిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తుంది. ఫ్లెక్సీ షాపుకో, పత్రికకో ఎప్పుడూ డాక్యుమెంట్‌గానే పంపండి.

బ్యాకప్ మూడు చోట్ల: ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లోనో క్లౌడ్‌లోనో. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరులో నీళ్లు ఇళ్లలోకి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒకే గదిలో రెండు డిస్కులుంటే రెండు కాపీలు ఉన్నట్టు కాదు.

నెట్‌లో పెట్టే సైజు గురించి ఒక భ్రమ ఉంది. "చిన్న సైజు పెడితే ప్రింట్‌కు పనికిరాదు" అంటారు. పుస్తకం విషయంలో అది నిజమే. పొడవైన వైపు 1200 పిక్సెళ్లు ఉన్న ఫొటో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) వద్ద 4 అంగుళాలే వస్తుంది. కానీ ఫ్లెక్సీని జనం రోడ్డుకు అవతలి నుంచి చూస్తారు. అదే 1200 పిక్సెళ్లను 6 అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే అంగుళానికి 17 పిక్సెళ్ల లోపే పడుతుంది, అయినా బైపాస్ మీద పోయేవాడికి ఆ తేడా తెలియదు. పైగా ఇప్పుడు ఏఐ పెంపు సాధనాలు ప్రతి డిజైనర్ దగ్గరా ఉన్నాయి. 1080 నుంచి 1200 మించి పెట్టకండి, కానీ అదే రక్షణ అని నమ్మకండి.

వాటర్‌మార్క్ మూలన వేస్తే కత్తెరకు దొరుకుతుంది, ఖాళీ ఆకాశం మీద వేస్తే ఒక్క తుడుపుకు పోతుంది. రెండు వేయండి. ఒకటి చదవగలిగే సైజులో, అంచుకు ఆనకుండా కాస్త లోపలికి. రెండోది 15 నుంచి 20 శాతం అపారదర్శకతతో, ఈకలు, నీటి అలలు, గడ్డి వంటి గజిబిజి ఉన్న చోట, ముఖ్య వస్తువును కొంచెం తాకుతూ. అక్కడ తుడిస్తే ఈకల తీరు చెదిరిపోయి, తుడిచిన గుర్తు కనిపిస్తుంది. పూర్తిగా ఆపలేకపోయినా వాటర్‌మార్క్ ఇంకో మేలు చేస్తుంది. కర్త పేరు వంటి హక్కుల సమాచారాన్ని తెలిసి, అనుమతి లేకుండా తొలగించడం కాపీరైట్ చట్టం సెక్షన్ 65బి కింద విడిగా ఒక నేరం. రెండేళ్ల దాకా జైలు, జరిమానా. మీ పేరు కత్తిరించిన రిసార్ట్ విషయంలో ఇది గట్టి పాయింట్. మీ ఫేస్‌బుక్ పోస్టులోని పేరున్న ప్రతిని, వాళ్ల కత్తిరించిన ప్రతిని పక్కపక్కన పెట్టి ఒక కాగితం మీద ప్రింట్ తీయండి.

ఫోన్ ఇప్పటికే చేసేశారు గనక వాళ్లు పోస్టు తీసేసే లోపే సాక్ష్యం పట్టుకోవాలి. ఈ రోజే చేయండి. వాళ్ల పేజీ లింకు సరిపోదు, ఆ పోస్టు లింకు కావాలి. పోస్టు మీది తేదీని నొక్కితే అది తెరుచుకుంటుంది. అడ్రస్ బార్, కంప్యూటర్ గడియారం కనిపించేలా పూర్తి తెర స్క్రీన్‌షాట్, దానితో పాటు పేజీ తెరవడం నుంచి పోస్టు దాకా స్క్రీన్ రికార్డింగ్. వాళ్లకు వెబ్‌సైట్ కూడా ఉంటే వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని భద్రం చేయించండి, అది మూడోవారి దగ్గరున్న తేదీ గల ప్రతి అవుతుంది. ఫ్లెక్సీని దగ్గర నుంచి ఒకటి, చుట్టుపక్కల షాపులు, రోడ్డు కనిపించేలా దూరం నుంచి ఒకటి తీయండి. అడుగు అంచున ప్రింటర్ పేరు, ఫోన్ నంబరు సన్నగా ఉంటాయి, వాటిని వదలకండి. ఇంకెక్కడ వాడారో గూగుల్ లెన్స్, టిన్ఐ, యాండెక్స్ మూడింట్లోనూ వెతకండి. ఫొటోని అద్దంలోలా తిప్పి ఇంకోసారి వెతకండి, తిప్పి వాడిన ప్రతులు మామూలు వెతుకులాటకు చిక్కకపోవచ్చు.

ఈ ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి ప్రతిదానికీ షా-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం, ఫైలు మారితే అదీ మారుతుంది) తీసి రాసుకోండి. విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ అనే కమాండ్ చాలు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే సర్టిఫికెట్లో హ్యాష్ విలువ రాయాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేస్తారు. ఇక్కడ సెక్షన్ నంబర్లతో జాగ్రత్త. పాత సాక్ష్య చట్టంలో ఈ సర్టిఫికెట్ 65బి కింద ఉండేది. కాపీరైట్ చట్టంలోనూ ఒక 63, ఒక 65బి ఉన్నాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు. నోటీసుల్లో ఇవి కలగాపులగం అయితే కేసు పలచబడుతుంది.

ఆ తర్వాత నోటీసు. మొదటిది వకీలు లేకుండా మీరే రాయొచ్చు: ఫొటో ఏది, ఎప్పుడు ఎక్కడ తీశారు, మొదట ఎక్కడ పెట్టారు, వాళ్లు ఎక్కడెక్కడ వాడారు, 7 రోజుల్లో తీసేయాలి, జరిగిన వాడకానికి ఇంత రుసుము చెల్లించాలి. ఈమెయిల్‌లో ఒకటి, స్పీడ్ పోస్టులో చేరిన రుజువు వచ్చేలా ఒకటి. రుసుము మీ నోటికి వచ్చినంత కాకూడదు. మీరు గతంలో ఏ హోటల్‌కో, క్యాలెండర్‌కో ఫొటో ఇచ్చిన ఇన్‌వాయిస్ ఉంటే అదే కొలమానం. లేకపోతే ఇప్పటి నుంచి ఒక రేట్ కార్డు తయారు చేసుకుని, ఎంత చిన్న మొత్తమైనా ఇన్‌వాయిస్ ఇవ్వడం మొదలుపెట్టండి, రేపటి కేసుకు అవే ఆధారాలు. బెదిరింపు భాష వద్దు. ఆధారం లేని కాపీరైట్ బెదిరింపులకు గురైనవాళ్లు సెక్షన్ 60 కింద ఎదురు దావా వేయొచ్చు. రుసుము కట్టి ఫొటో వాడుకుంటామని వాళ్లు ముందుకొస్తే మంచిదే, ఒప్పుకోండి. కానీ ఏ వాడకానికి, ఎన్నాళ్లకు, ఎక్కడ అన్నది రాతలో పెట్టండి. హక్కుల బదిలీ కాగితంలో కాలం రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే దేశమంతటిగా లెక్కిస్తుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లకు వాటి కాపీరైట్ ఫారాలే వేగమైన దారి. మీ పేరు, ఈమెయిల్ అవతలివాళ్లకు వెళతాయి, కాబట్టి వ్యాపారానికి వాడే ఈమెయిల్ ఇవ్వండి. యూట్యూబ్ వీడియోలో మీ ఫొటో వాడినా ఇది చెల్లుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెల్‌నే తీసేస్తారు. అందుకే పొరపాటున ఇంకొకరి ఫొటో మీద ఫారం నింపకండి. ఈ ఫారాలకు స్పందించని మన దేశపు సైటయితే కాపీరైట్ నియమాలు, 2013లో 75వ నియమం ఉంది. రాతపూర్వక ఫిర్యాదు అందాక 36 గంటల్లో సైటు ఆ ఫొటోను ఎవరికీ అందకుండా చేయాలి. కానీ ఆ ఫిర్యాదులోనే మీరు దావా వేసి 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు చూపిస్తానని హామీ ఇవ్వాలి. ఉత్తర్వు రాకపోతే వాళ్లు మళ్లీ పెట్టేయొచ్చు. దావా వేసే ఉద్దేశం లేకపోతే ఈ దారి తొక్కకండి.

కోర్టు దాకా వెళితే సెక్షన్ 62 మీకు అనుకూలం. రిసార్ట్ యాజమాన్యం చెన్నైలో ఉన్నా, మీరు నివసించే చోటి జిల్లా కోర్టు పరిధిలోనే దావా వేయొచ్చు. విలువ 3 లక్షలకు తగ్గకపోతే అది వాణిజ్య వివాదంగా నడుస్తుంది. అప్పుడు అత్యవసర ఉత్తర్వు అడగని దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర మధ్యవర్తిత్వం తప్పనిసరి. నిజం చెప్పాలంటే ఇలాంటి ఫ్లెక్సీ తగాదాలు తేలడానికి అనువైన చోటు అదే. పరిహారం దావాకు గడువు ఉల్లంఘన జరిగిన నాటి నుంచి 3 ఏళ్లు.

సెక్షన్ 63 కింద క్రిమినల్ కేసు కూడా ఉంది: 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఇది పోలీసులు నేరుగా నమోదు చేయదగిన, బెయిలు హక్కు కాని నేరమని సుప్రీంకోర్టు 2022 మేలో నిట్ ప్రో కేసులో తేల్చింది. "ఇది సివిల్ గొడవ, కోర్టుకెళ్లు" అని స్టేషన్‌లో పంపేస్తే ఆ తీర్పు ప్రతి ఇచ్చి రశీదు అడగండి. అయినా ఒక ఫ్లెక్సీకి పోలీసుల దగ్గరికి పరుగెత్తడం సరైన పని కాదు. మీ ఫొటోలను పదే పదే ఎత్తి క్యాలెండర్లుగానో, ఫ్రేములుగానో అమ్ముకుంటున్నవాళ్ల కోసం దాన్ని ఉంచుకోండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదన్నాను, వృథా అనలేదు. రిజిస్టర్లో ఉన్న వివరాన్ని కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్లో ఫారం 14, కళాకృతికి ఒక్కోదానికి 500 రూపాయలు. వస్తువుల మీద, సేవల ప్రచారంలో లోగోలా వాడదగినదైతే 2000, దానికి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ సర్టిఫికెట్ కూడా కావాలి. డైరీ నంబర్ (దరఖాస్తుకు ఇచ్చే నంబరు) వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, తర్వాతే పరిశీలన. ఫొటోలో మనిషి ఉంటే ఆయన నిరభ్యంతర పత్రం అడుగుతారు. మొదటి ప్రచురణ తేదీ అడిగిన చోట ఫేస్‌బుక్‌లో పెట్టిన తేదీ, ఫైలు తీసిన తేదీ తారుమారు కాకూడదు. తీసిన ప్రతి ఫొటోకి ఈ ఖర్చు అక్కర్లేదు. చీమకుర్తి గ్రానైట్ కంపెనీ క్యాటలాగు కోసం కొనదగినవి, ఒంగోలు గిత్త ఫొటోలా ప్రతి పోస్టరు మీదికీ ఎక్కేవి, పక్షుల్లో మీకు డబ్బు తెచ్చేవి ఏడాదికి నాలుగైదు ఏరి చేయించండి. మీకు మీరే పోస్టులో సీల్ కవర్ పంపుకోవడం వంటివి వద్దు, వాటికి ఇక్కడ చట్టంలో విలువ లేదు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ పక్షుల ఫొటోలు తీసేవాళ్లకు అవసరం. జనవరిలో సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో గానీ, ఇంకెప్పుడైనా గానీ పోటీలకు ఫొటోలు పంపేముందు షరతులు చివరిదాకా చదవండి. "ఎంట్రీలన్నిటి మీద సర్వహక్కులు నిర్వాహకులవి" అని ఉంటే గెలవని ఫొటోలు కూడా అడిగేస్తున్నారన్నమాట. "పోటీ ప్రచారానికి, మా పేరుతో, ఒక ఏడాది పాటు వాడుకునే అనుమతి" అని ఉంటే నిశ్చింతగా పంపండి. మొదటి రకం షరతు కనిపిస్తే మార్చమని మెయిల్ రాయండి. మార్చకపోతే అంత గొప్పగా రాని ఫ్రేములు పంపండి, అమ్ముడుపోయే ఫొటో మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.